నేలకు కాలు మోపే వేళ

మన సంఘాలలో ఎవరికైనా ప్రమాదం జరిగితే ప్రార్థన చీటీలకు కొదువ ఉండదు. ఆపరేషను రోజున ఆసుపత్రి వరండా నిండా మనవారే ఉంటారు. ఇంటికి తెచ్చిన వారంలో స్త్రీల సమాజంవారు పండ్లు తెస్తారు, అయ్యగారు వచ్చి ప్రార్థన చేసి వెళ్తారు. ఆ తరువాత నెలల కాలం ఒకటి మొదలవుతుంది. రోగి మంచం మీద లేడు, పొలంలోనూ లేడు. నడుస్తున్నాడని చెప్పలేము, నడవలేడనీ చెప్పలేము. ఆ కాలాన్ని గూర్చి ప్రార్థన చీటీ వ్రాసేవారు అరుదు. కాలు విరిగినవారి కుటుంబాలకు నిజమైన కష్టం అప్పుడే వస్తుందని మాకు తెలిసింది గనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము. మేమంటే కొడుకూ, కోడలూ, మా అమ్మగారూ, ఇద్దరు పిల్లలూ. కాలు మా నాన్నగారిది.

2023 డిసెంబరులో, క్రిస్మస్‌కు వారం ఉందనగా, ట్రాక్టరు ట్రక్కు మీదనుండి దిగబోయి నాన్నగారు పడ్డారు. మోకాలికి సరిగ్గా కింద, పెద్ద ఎముక పైభాగం చిట్లింది. తొడ ఎముక వచ్చి కూర్చునే పీట వంటి చోటు అది. ఎక్స్‌రే చూసిన డాక్టరుగారు, ఈ పీట ఒక పక్కకు కుంగిందనీ, పైకి లేపి ప్లేటు, స్క్రూలు వేయాలనీ చెప్పారు. ఆ క్రిస్మస్ ఆసుపత్రిలోనే గడిచింది. ఇంటికి పంపేటప్పుడు ఎనిమిది వారాలు ఆ కాలు నేలకు తగలకూడదన్నారు.

ఆ ఎనిమిది వారాలు ఒక విధంగా సులువు. చేయకూడనిది ఒక్కటే. మంచం మీద పడుకుని పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మోకాలి కింద తువ్వాలు చుట్టపెట్టి తొడ కండరాన్ని బిగించి అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం, ఇటువంటివి గంటకొకసారి చేయించేవాళ్ళం. పాదం ఆడిస్తూ ఉంటే పిక్కల్లో రక్తం గడ్డకట్టకుండా ఉంటుందట. అంతకు మించి ఏమీ చేయనక్కరలేదు, చూసుకుంటే చాలు.

ఫిబ్రవరి మధ్యలో, సరిగ్గా శ్రమకాల దినములు మొదలైన వారంలో మళ్ళీ ఎక్స్‌రే తీశారు. ఎముక అతుక్కుంటున్నదని డాక్టరుగారు సంతోషించారు. "ఇక కాలు మోపవచ్చు. కాని పూర్తిగా కాదు. పదిహేను కిలోలు మోపండి. తరువాత వారం వారం కొంచెం పెంచుదాం" అన్నారు. నాన్నగారి బరువు అరవై రెండు కిలోలు. అందులో సుమారు పావువంతు.

పదిహేను కిలోలు మోపడం అంటే ఏమిటి? బియ్యమైతే తూచి ఇస్తాం. కాలికి ఎలా తూస్తాం? ఇంటికి వస్తూ ఆటోలో నాన్నగారు అడిగిన మొదటి ప్రశ్న అదే. మాకెవ్వరికీ జవాబు తెలియలేదు.

మరునాడు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి చెప్పింది. బహు ఓపిక గలది. నాన్నగారిని బాబాయ్ అని పిలిచేది. "బాబాయ్, మీ ఇంట్లో కాటా ఉందా?" అని అడిగింది. మాది మిరప పండే ప్రాంతం, కాటాలకేం తక్కువ! మిరపకాయల టిక్కీలు తూచే పాత ఎలక్ట్రానిక్ కాటా ఒకటి మా వీధిలో వ్యాపారం చేసే అతని దగ్గర మూలన పడి ఉంది. దాన్ని బాగుచేయించి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తా పెట్టి కాటా సరిగా చూపుతున్నదో లేదో ముందు చూసుకున్నాం. ఆ కాటా ఎంత ఎత్తు ఉందో అంతే ఎత్తుకు పక్కన రెండు చెక్కలు పేర్చాం. మంచి కాలు చెక్క మీద, దెబ్బ తగిలిన కాలు కాటా మీద. రెండూ ఒకే ఎత్తులో ఉండకపోతే నడుము ఒక పక్కకు వంగి లెక్క తప్పుతుందట.

పట్టుకోవడానికి ఆ అమ్మాయే ఇంకొక ఉపాయం చెప్పింది. పెద్ద ఆసుపత్రులలో రెండు పక్కలా ఇనుప కమ్మీలు ఉంటాయి, వాటి మధ్య నడిపిస్తారు. మేము వాకిట్లో నాలుగు గుంజలు పాతి, నాన్నగారి తుంటి ఎత్తులో రెండు వెదురు బొంగులు కట్టాం. మధ్యలో కాటా. చూడటానికి కోళ్ళ దొడ్డిలా ఉందని పిల్లలు నవ్వారు.

మొదటి ఉదయం నాన్నగారు బొంగులు పట్టుకుని నిలబడ్డారు. కాలు కాటా మీద పెట్టారు. అంకె నాలుగు చూపింది. "ఇంకొంచెం నాన్నా" అన్నాం. నాలుగున్నర. ముఖమంతా చెమట. నొప్పి ఉందా అంటే లేదన్నారు. మరి ఎందుకు మోపడం లేదంటే, "మీకేం తెలుసురా, అది లోపల మళ్ళీ పట్టుమంటుందేమో" అన్నారు. అరవై టిక్కీలను ఒంటిచేత్తో లోడు ఎత్తించిన మనిషి. వానలో, చీకట్లో పాముల మధ్య నీళ్ళు కట్టినవాడు. నాలుగున్నర కిలోల దగ్గర ఆగిపోయాడు. డాక్టరుగారు అనుమతి ఇచ్చారు, ఎముక అతుక్కుంది, అయినా కాలు మాట వినడం లేదు. విరిగిన ఎముకకు ప్లేటు వేయవచ్చు. భయానికి ఏ ప్లేటూ లేదు.

అమ్మగారి భయం ఇంకొక తీరు. ఆమె దృష్టిలో మంచం మీద ఉన్నంతకాలం ఎముకకు క్షేమం. "ఇంకో రెండు నెలలు ఊరుకుంటే పోయేదేముంది? పూర్తిగా గట్టిపడ్డాక ఒకేసారి లేస్తాడుగా" అనేది. చుట్టాలలో సగం మంది అదే మాట. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని ఎముక సంగతి అలా లేదు.

ఎముక విరిగినచోట మొదట రక్తం గడ్డకడుతుంది. రెండు మూడు వారాలలో అక్కడ మెత్తని అతుకు పుడుతుంది. డాక్టర్లు దాన్ని కాలస్ అంటారు. అది క్రమంగా సున్నం పట్టి గట్టిపడటానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది. అయితే గట్టిపడటంతో పని ముగియదు. ఎముక తనను తాను మళ్ళీ చెక్కుకుంటుంది. ఎటువైపునుండి బరువు వస్తుందో అటువైపు పోతపోసుకుంటుంది, బరువు రానిచోట కరిగిపోతుంది. జర్మనీలో బెర్లిన్ పట్టణపు డాక్టరు యూలియస్ వోల్ఫ్ అనే ఆయన 1892లో ఈ సంగతిని గ్రంథస్థం చేశారు. నేటికీ ఎముకల వైద్యులు ఆయన పేరుతోనే దాన్ని చెప్పుకుంటారు. ఆకాశంలో తిరిగే వ్యోమగాములను చూడండి. అక్కడ వారి కాళ్ళ మీద బరువు ఉండదు. ఎంత ఆరోగ్యవంతులైనా, వ్యాయామం గట్టిగా చేయకపోతే, బరువు మోసే ఎముకలలోని సత్తువ నెలకు నూటికి ఒకటి, ఒకటిన్నర వంతున తగ్గిపోతుందని చెప్తారు. పనిలేని ఎముక పలుచనవుతుంది. కాలు కదపని మనిషి తొడ కండ కరిగిపోవడం మనం కళ్ళారా చూసేదే. నాన్నగారి రెండు తొడలనూ టేపుతో కొలిచి చూస్తే తేడా మాకే భయం వేసింది.

మోకాలి కీలు సంగతి ఇంకా చిత్రం. కీలులో ఎముకల మీద పరచినట్లుండే మృదులాస్థికి రక్తనాళాలు లేవు. దాని చుట్టూ ఉన్న జిగట నీరే దానికి ఆహారం. బరువు పడినప్పుడు అది స్పాంజిలాగా నీటిని వదులుతుంది, బరువు తీసినప్పుడు మళ్ళీ పీల్చుకుంటుంది. మోపడం, తీయడం లేకపోతే దానికి పోషణ సరిగా అందదు.

అలాగని ఒకేసారి అరవై రెండు కిలోలూ వేస్తే, లేపి నిలబెట్టిన పీట మళ్ళీ కుంగవచ్చు, స్క్రూలు వదులు కావచ్చు. అందుకే కొలత. మందు సీసా మీద చెంచాల లెక్క ఉన్నట్లు, ఈ మందుకు కిలోల లెక్క. ఏ విరుగుడుకు ఎప్పుడు, ఎంత మోపాలో ఆ డాక్టరే చెప్పాలి. తొడ ఎముకకు కడ్డీ వేసినవారికి కొందరికి త్వరలోనే మోపమంటారు. మడమ విరిగినవారిని చాలాకాలం ఆపుతారు. మా నాన్నగారి పదిహేను కిలోలను చదివి మీ ఇంట్లోవారికి అదే లెక్క వేయవద్దు.

అమ్మగారికి ఇదంతా చెప్పాము. ఆమె విని, "సరే, మీ కాటా మీరు పెట్టుకోండి. నేను మాత్రం అక్కడ నిలబడి చూడలేను" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నాలుగున్నర నుండి పదిహేనుకు చేరడానికి ఆరు రోజులు పట్టింది. ఆ అమ్మాయి చెప్పినట్లు తొందరపెట్టలేదు. రోజుకు మూడు పూటలు, పూటకు పది నిమిషాలు. పాదం మొత్తం కాటా మీద ఆనాలి, మునివేళ్ళ మీద నిలబడకూడదు. మెల్లగా ఒరగాలి, అంకె చూడాలి, మూడు లెక్కపెట్టాలి, వెనక్కి రావాలి. మా పెద్దపిల్ల అంకెలు చదివేది. "తాతా ఏడు... తాతా తొమ్మిది... తాతా ఎక్కువైంది, తగ్గు!" ఒకరోజు పన్నెండు రాగానే పిల్ల చప్పట్లు కొట్టింది. తాత నవ్వారు. డిసెంబరు తరువాత ఆయన నవ్వడం అదే చూశాం.

పదిహేను కుదిరాక అసలు పాఠం మొదలైంది. ఆ బరువు పాదానికి ఎలా తెలుస్తుందో గుర్తుపెట్టుకుని, కళ్ళు మూసుకుని మోపి, తరువాత అంకె చూడాలి. ఒకసారి ఎనిమిది వచ్చేది, ఒకసారి ఇరవై రెండు. కొలిచిన బరువును కాటా లేకుండా మోపడం ఎవరికైనా కష్టమేనట. ఎక్కువమంది తెలియకుండానే ఎక్కువ మోపేస్తారట. అందుకే నడక నేర్చుకున్నాక కూడా రోజూ ఉదయం ఒకసారి కాటా ఎక్కి సరిచూసుకోమన్నారు. వ్యాపారి రోజూ తూనికరాళ్ళు సరిచూసుకున్నట్లు.

చంకకర్రల గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో వాటిని సరిగా పట్టేవారు తక్కువ. కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ళ సందు ఉండాలి. పిడి మణికట్టు దగ్గరకు రావాలి, అప్పుడు మోచెయ్యి కొంచెం వంగి ఉంటుంది. బరువంతా అరచేతుల మీద పడాలి. చంకలో ఆనించి వేలాడితే అక్కడి నరం నలిగి చెయ్యి వాలిపోయే ప్రమాదం ఉంది. నడిచేటప్పుడు రెండు కర్రలూ, దెబ్బ కాలూ కలిసి ముందుకు వెళ్ళాలి, తరువాత మంచి కాలు. మడమ ముందు, వేళ్ళు తరువాత. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బ కాలూ ముందు. మా పిల్లలు దీన్ని, పైకి మంచోడు కిందికి చెడ్డోడు అని పాటలా పాడేవారు. నాన్నగారు గుడి మెట్ల దగ్గర ఇప్పటికీ లోలోపల అదే అనుకుంటారేమోనని మా అనుమానం.

కర్ర అడుగున ఉండే రబ్బరు బూట్లు అరిగాయేమో వారానికొకసారి తిప్పి చూడండి. పట్టణపు పుస్తకాలలో వ్రాయనివి మన ఇళ్ళలో కొన్ని ఉంటాయి. అలికిన నేల తడి, కల్లాపి చల్లిన వాకిలి, బావి గట్టు నాచు, కాళ్ళ కింద దూరే కోడిపిల్లలు, కట్టుతాడు తెంచుకున్న దూడ. లుంగీని మోకాలి పైకి మడిచి బిగించి కట్టించాం, జారుడు చెప్పులు మాన్పించి వెనుక పట్టీ ఉన్నవి కొన్నాం. పట్టణాలలో కొన్ని చోట్ల నీటి తొట్టెలలో నడిపిస్తారు. నడుము లోతు నీళ్ళలో కాలి మీద బరువు సగం దాకా తగ్గుతుంది కాబట్టి అది మంచి పద్ధతే. అది విని మన ఊరి చెరువులో దిగవద్దు. బురదలో కాలు జారితే చేసినదంతా పోతుంది.

తిండి విషయంలో ప్రతి చుట్టమూ మేక కాళ్ళ సూపు తెచ్చారు. రుచిగానే ఉంది, వద్దనలేదు. ఎముకను అతికించేది మాత్రం ఆ సూపులోని మహిమ కాదు. గ్రుడ్లు, పాలు, పప్పు, రాగి సంకటి, కొంచెం ఎండ, వీటితోనే అవసరం తీరుతుంది. బీడీ, చుట్ట ఎముక అతుకును ఆలస్యం చేస్తాయి. ఇది అందరూ ఒప్పుకునే సంగతే అయినా, పరామర్శకు వచ్చి మంచం పక్కన కూర్చుని బీడీ వెలిగించేవారు ఉన్నారు.

నొప్పిని గురించి నాన్నగారికి ఒక సందేహం ఉండేది. నొప్పి వస్తే ఆపాలా, ఓర్చుకోవాలా? మోపినప్పుడు కొంచెం లాగినట్లుండి, తీసిన కాసేపటికి తగ్గిపోతే పరవాలేదు. మరునాటి ఉదయానికీ నొప్పి, వాపు ఉంటే ముందు రోజు ఎక్కువ చేసినట్లు, తగ్గించాలి. పొడిచినట్లు కొత్త నొప్పి వచ్చినా, పిక్క వాచి వెచ్చగా గట్టిపడినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర నీరు కారినా వ్యాయామం మాట మరచి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పిక్క వాపుతోపాటు ఆయాసం వస్తే ఒక్క గంట కూడా ఆగకూడదు.

ఈ సందర్భంలో వెల్లూరులో పనిచేసిన పాల్ బ్రాండ్ డాక్టరుగారు జ్ఞాపకం వస్తారు. మన తెలుగువారిలో వెల్లూరు ఆసుపత్రి తెలియని క్రైస్తవ కుటుంబం ఉండదు. ఆయన మిషనరీల కుమారుడు, 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టారు, 1946లో వెల్లూరు వచ్చారు. కుష్ఠు రోగుల చేతులకు, కాళ్ళకు ఆపరేషన్లు చేశారు. ఆ రోగుల వ్రేళ్ళు, పాదాలు పాడవడానికి పెద్ద కారణం నొప్పి తెలియకపోవడమేనని ఆయన గ్రహించారు. నొప్పి తెలియదు గనుక గాయమైన పాదం మీదనే పూర్తి బరువు వేసి నడిచేవారు, పాదం నాశనమయ్యేది. నొప్పి ఒక వరమని చెప్తూ 1993లో ఫిలిప్ యాన్సీగారితో కలిసి పుస్తకమే వ్రాశారు. ఆయన దగ్గర పనిచేసిన మేరీ వర్గీస్ అమ్మగారు 1954లో జరిగిన ప్రమాదంలో నడుము కింద స్పర్శ కోల్పోయి, చక్రాల కుర్చీలోనే కూర్చుని రోగుల చేతులకు ఆపరేషన్లు చేశారు. ఆ తరువాత వెల్లూరులో ఇటువంటి రోగులకు తిరిగి బ్రతుకు నేర్పే విభాగాన్ని ఆమే నిలబెట్టారు. ఈ సంగతులు నాన్నగారికి చెప్తే, "అయితే ఈ నొప్పి ఉన్నంతకాలం నా కాలికి కాపలా ఉన్నట్టే" అన్నారు. అంతకు ముందు రాత్రి దాకా దాన్ని తిట్టుకున్న మనిషే.

మార్చి నాటికి ముప్పై కిలోలకు వచ్చాం. అప్పుడు రెండవ గండం వచ్చింది. మిరపకోతలు ముమ్మరంగా ఉన్నాయి. కౌలు పొలం, పెట్టుబడికి తెచ్చిన అప్పు, కూలీల కొరత. కల్లంలో కాయలు ఆరబోసి ఉన్నాయి. మబ్బు పడితే పట్టాలు కప్పడానికి మగదిక్కు మేమొక్కరమే. భయం తగ్గిన నాన్నగారికి ఇప్పుడు ఓర్పు తగ్గింది. ఒక రాత్రి ఉరిమింది. లేచి చూస్తే ఆయన కర్రలు లేకుండా గోడ పట్టుకుని గడప దాకా వచ్చి నిలబడి ఉన్నారు. ఒక్క మాట అనలేదు మేము. అమ్మగారు మాత్రం కర్రలు తెచ్చి చేతికిచ్చి, "ఏమయ్యా, కాయలు తడిస్తే మళ్ళీ ఏడాదికి పండుతాయి. ఈ కాలు మళ్ళీ పండుతుందా?" అంది. కాటా వైపు చూడలేనన్న మనిషి, ఆనాటినుండి తానే ఉదయం వచ్చి అంకెలు చదవడం మొదలుపెట్టింది.

ఆ నెలలోనే పక్క ఊళ్ళో స్వస్థత కూటములు జరిగాయి. మనవారే ఆటో పెట్టి నాన్నగారిని తీసుకువెళ్ళారు, మేమూ వెంట వెళ్ళాం. ప్రార్థన అయ్యాక, విశ్వాసమున్నవారు కర్రలు అవతల పారవేసి వేదిక దగ్గరకు నడిచి రావాలని పిలుపు వచ్చింది. చుట్టూ ఉన్నవారు నాన్నగారి వైపు చూశారు. ఒకాయన చెయ్యి కూడా పట్టుకుని లేపబోయాడు. ఆ క్షణం మేము పడిన వేదన చెప్పలేము. లేవకపోతే విశ్వాసం లేనివాడంటారు, లేస్తే మూడు నెలల పని మట్టిలో కలుస్తుంది. నాన్నగారు కర్రలు ఒళ్ళో పెట్టుకుని నిదానంగా అన్నారు: "బాబూ, నాకిప్పుడు ముప్పై కిలోల దాకానే సెలవు. మిగతా ముప్పై రెండూ ప్రభువు ఇస్తున్నాడు, వారానికి కొంచెం చొప్పున."

ఆ మాట అక్కడ కొందరికి నచ్చలేదు. దీన్ని గూర్చి మా అభిప్రాయం దాచుకోము. శృంగార ద్వారం దగ్గరి కుంటివాడు లేచి గంతులు వేసిన సంగతి మేము నమ్ముతాము, దేవుడు ఈనాడు కూడా అలా చేయగలడని నమ్ముతాము. కాని అదే గ్రంథంలో హిజ్కియా రాజు కన్నీళ్ళు విడిచి ప్రార్థించినప్పుడు దేవుడు ఆయనకు ఆయుష్షు ఇస్తానని మాట ఇచ్చాడు, ప్రవక్త పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమన్నాడు కూడా. ఆ ముద్ద కట్టినందుకు రాజు విశ్వాసాన్ని ఎవరూ శంకించలేదు. అంతమందిని స్వస్థపరచిన పౌలు, త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచివచ్చాడు. యాకోబు దేవుని ఆశీర్వాదం పొందిన ఉదయమే కుంటుతూ నడిచాడు. కర్ర పట్టుకున్నవాడి విశ్వాసాన్ని కొలవడానికి మన దగ్గర ఏ కాటా ఉంది? వేదిక మీదినుండి కర్రలు పారవేయమనడం సులువు. అతుకు వీడితే మళ్ళీ ఆసుపత్రికి మోసేది ఇంటివారు, అప్పు చేసేది ఇంటివారు. సంఘ పెద్దలు ఈ విషయం ఆలోచించాలని మా మనవి. రోగి పేరు చెప్పి ప్రార్థించండి, తప్పకుండా ప్రార్థించండి. ఆపైన, ఈ వారం ఎన్ని కిలోలని అడగండి.

మా అయ్యగారు అలాగే చేశారు. తరువాతి ఆదివారం ఆరాధనలో నాన్నగారి కోసం ప్రార్థిస్తూ, ముప్పై అయిదు కిలోలకు చేర్చుమని పేరుపెట్టి అడిగారు. కొందరు కళ్ళు తెరిచి చూశారు. ఆ వారం ముగ్గురు యువకులు వంతులు వేసుకుని మా కల్లంలో రాత్రి కాపలా పడుకున్నారు. అడగకుండా చేసిన ఉపకారమది. నాన్నగారు కంటినిండా నిద్రపోయింది ఆ రాత్రులలోనే.

మార్చి 31న ఈస్టరు. వేకువజామున సమాధుల తోటలో ఆరాధన. అప్పటికి నలభై కిలోలు దాటాం. తోట దారి రాళ్ళు, గడ్డలు, చీకటి. ఆయన వస్తానన్నారు. డాక్టరుగారిని ఫోనులో అడిగితే, రెండు కర్రలూ ఉంటే, ఎవరైనా లైటు పట్టుకుంటే వెళ్ళవచ్చన్నారు. మేము ముందు వెళ్ళి దారిలో రాళ్ళు ఏరాం. అడుగు వేసేటప్పుడు కర్రలు, కాలు, మంచి కాలు అనే ఆ వరుస చప్పుడు చీకట్లో వినిపిస్తూ ఉంది. మా తాతగారి సమాధి దగ్గర ఆగి, మంచి కాలు మీద బరువు వేసుకుని, కీర్తన మొత్తం నిలబడే పాడారు.

ఏప్రిల్ చివర కాటా మీద అరవై రెండు వచ్చింది. ఎక్స్‌రే చూసి రెండు కర్రలూ మాన్పించి ఒక చేతికర్ర ఇచ్చారు. దెబ్బ తగిలింది కుడికాలైతే కర్ర ఎడమచేతిలో ఉండాలి. చాలామంది దీన్ని తిప్పి పడతారు. కర్ర ఎదుటి చేతిలో ఉంటేనే నడుము ఒరగదు, కాలి మీద భారం తగ్గుతుంది. జూలై నాటికి ఆ కర్ర కూడా గూటిలోకి వెళ్ళింది. మోకాలు మునుపటిలా పూర్తిగా ముడవదు, గొంతుక్కూర్చోలేరు. గనుక ఇంట్లో కుర్చీ మరుగుదొడ్డి కట్టించాం. టిక్కీలు ఎత్తవద్దన్నారు, ఎత్తడం లేదు. కాటా పక్కన కూర్చుని లెక్క వ్రాస్తున్నారు. చలికాలం ఉదయాన మొదటి పది అడుగులు పట్టేసినట్లుంటాయట.

వెదురు బొంగులు పిల్లలు పీకనివ్వలేదు, వాటి మీద ఇప్పుడు కాకర తీగ పాకింది. చంకకర్రలు మాత్రం పక్క పేటలో ఒక సహోదరి మడమ విరిగి ఇంట్లో ఉందని తెలిసి తీసుకువెళ్ళాం. ఆమె నాన్నగారి కంటే పొట్టి. నాన్నగారే కుర్చీలో కూర్చుని, కర్రలను రెండు రంధ్రాలు కిందికి దించి, పిడి ఆమె మణికట్టుకు సరిపోయిందో లేదో చూసి, మరలు బిగించి ఇచ్చారు. "ఎన్ని కిలోలు మోపమన్నారమ్మా?" అని అడిగారు. ఇంకా మోపవద్దన్నారు బాబాయ్ అంది ఆమె. "అయితే కాటా ఇప్పుడే వద్దు, చెప్పిన రోజున పంపుతాను" అన్నారు.